మూడు మిషన్లకు ఒకే ముహూర్తం

నేను ఇంతకాలం ఏమీ రాయకపోవడానికి కారణం వినయం కాదు. నాకు అక్షరాలు వచ్చేవి కావు. మా తండాలో మాట్లాడే భాషకు బడిలో చోటు లేదు, బడిలో చెప్పే తెలుగు మా ఇంట్లో లేదు. రెండింటి నడుమ మేకలున్నాయి. మేకల వెంట పోయినదాన్ని మళ్లీ పలక దాకా రాలేదు. యాభై దాటాక నేర్చుకున్నాను. అదీ చదువు మీద ప్రేమతో కాదు. మా పాల కేంద్రంలో హాజరు కోసం వేలిముద్ర మిషన్ పెట్టారు. ఏళ్ల తరబడి సోడాపొడితో పాల క్యాన్లు కడిగిన నా బొటనవేలికి గీతలు మిగల్లేదు. మిషన్ నన్ను ఒప్పుకోలేదు. రోజూ పనికి వచ్చినా రానట్టే లెక్క. చివరికి ఆఫీసు వాళ్లు దయతలచి, "వేలు పనికిరాదు, సంతకం నేర్చుకో" అన్నారు. చదువు రానివాళ్లు వేలిముద్ర వేస్తారని అందరికీ తెలుసు. వేలిముద్ర పడక చదువుకున్నది మాత్రం మా చుట్టుపక్కల నేనొక్కదాన్నే అయి ఉంటాను.

సంతకం వచ్చాక మిగతా అక్షరాల మీద కూడా ఆశ పుట్టింది. కేంద్రం పక్కన బట్టలు కుట్టే ఆమె తీరిక దొరికినప్పుడు చెప్పేది. పాల చీటీల మీద ఊళ్ల పేర్లు చూసి పోల్చుకునేదాన్ని. అట్లా కూడబలుక్కుని, ఇప్పుడు రిటైరయ్యాక, కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లల కోసం ఒక సంగతి రాస్తున్నాను. మీరు కంప్యూటర్లు నడిపేవాళ్లు. నేను దాని మీద దుమ్ము తుడిచినదాన్ని. అయినా వినండి.

మాది ఒక పాల సొసైటీ. జనగామలో పెద్ద ఆఫీసు, దాంతోపాటే ఒక పాల కేంద్రం. మహబూబాబాద్‌లో ఇంకొకటి, భూపాలపల్లిలో మరొకటి. నేను భూపాలపల్లిలో. ప్రతి కేంద్రంలో ఒక కంప్యూటర్ ఉండేది. ఆడవాళ్లు పాలు తెస్తే శాంపిల్ మిషన్ కింద పెట్టాలి, కొలత అదే తీసుకుంటుంది, వెన్న ఎంతుందో అదే చూస్తుంది, చీటీ అదే కొడుతుంది. చీటీ వస్తేనే పాలు ట్యాంకులో పోయాలి. చీటీ లేకుండా చుక్క కూడా తీసుకోవద్దని ఆర్డరు. నా పని క్యాన్లు కడగడం, కేంద్రం ఊడ్వడం, టీ పెట్టడం, జనగామ నుంచి సిస్టం సారు ఫోన్ చేసి చెప్పినప్పుడు కంప్యూటర్ బటన్ నొక్కడం. ఈ చివరి పని నా ఉద్యోగం కాగితంలో లేదు. ఎవరి కాగితంలోనూ లేదు, అందుకే నాకు వచ్చింది.

భూపాలపల్లి కేంద్రానికి పాలు తక్కువ వచ్చేవి. జనగామలో ఎప్పుడు మీటింగు పెట్టినా 'భూపాలపల్లి మూసేద్దామా' అన్నది ఆఖరి అంశంగా ఉండేది. అక్కడి దాకా వచ్చేసరికి భోజనాల వేళయ్యేది కాబట్టి మేం బతికిపోయాం. ఇటు మా గేటు బయట బైకుకు క్యాన్లు కట్టుకుని ఒక ప్రైవేటు పాలాయన ప్రతి సాయంత్రం నిలబడేవాడు. మా కంటే తక్కువ రేటు ఇచ్చేవాడు, కాని అడ్వాన్సు ఇచ్చేవాడు. ఒక్కపూట మా తలుపు తెరుచుకోకపోతే చాలు, ఆడవాళ్లందరికీ అడ్వాన్సు అంటగట్టి పట్టుకుపోతాడు. అప్పుడు ఆ ఆఖరి అంశం మొదటి అంశమవుతుంది. నా క్యాన్లూ నా కూలీ దాంతోనే పోతాయి.

సిస్టం సారు దంతాలపల్లి అతను. పెళ్లయి ఇద్దరు పిల్లల తండ్రి, కాంట్రాక్టు ఉద్యోగి. కేంద్రానికి వచ్చినప్పుడు టీ తాగుతూ నాకు అన్నీ చెప్పేవాడు. వేరే వినేవాళ్లు లేరు మరి.

"ఈ మిషన్లను నడిపే సాఫ్ట్‌వేర్ అందరి కంప్యూటర్లల్ల ఉండేది కాదక్కా. యునిక్స్ జాతిది. పైసలు వెట్టి కొనే పని లేదు. దేశదేశాలోళ్లు కలిసి రాస్తరు."

"మంచిదేనా మరి?"

"మస్తు మంచిది. గని మనం ఎక్కిచ్చింది తయారైన రకం గాదు. ఇంక తయారయితున్న రకం. మనోళ్లు సస్తగా వస్తున్నయని కొత్త మోడల్ కంప్యూటర్లు కొనుక్కొచ్చిండ్రు. తయారైన రకానికి ఆ మోడల్ ఏందో తెల్వనే తెల్వది. తయారయితున్నదే గుర్తువట్టింది. ఇల్లు కడుతుంటనే అండ్ల కాపురం జేస్తున్నం అన్నట్టు. ఇయ్యాల మెట్లు ఈ దిక్కుంటయి, వచ్చే నెల ఆ దిక్కుంటయి."

అట్లాంటి ఇంట్లో ఉండేవాళ్లకు కొన్ని జాగ్రత్తలుంటాయని చెప్పేవాడు. కడుతున్నవాళ్లు ఏం మార్చారో, ఎక్కడ గుంత తవ్వారో రాసి పెడతారట, అది చదవకుండా అడుగు వేయకూడదు. తరచూ కొంచెం కొంచెం మార్చుకుంటూ పోవాలి, ఏడాదికోసారి ఎగిరి దూకకూడదు. ముందు కెర్నల్ అనే గుండెకాయను మాత్రం మార్చి, మిషన్ ఆపి లేపి, లేచిందా లేదా చూసుకుని, తర్వాతే మిగతా ఒళ్లు మార్చాలి. పాత గుండెకాయను పారేయొద్దు, పక్కన పెట్టుకోవాలి. కొత్తది కొట్టుకోకపోతే పాతదాంతో లేపొచ్చు. అన్నిటికంటే ముఖ్యం, మూడు మిషన్లుంటే ఒకదాని మీద చేసి, వారం రోజులు చూసి, అప్పుడు రెండోదాన్ని ముట్టుకోవాలి.

వినడానికి బాగుంది కదా. కాని ఇవన్నీ మా మేనేజర్ సారును అడక్కుండా రాసిన జాగ్రత్తలు.

మేనేజర్ సారు పెద్ద చదువు చదివినవాడు, చెడ్డవాడు కాదు. మా జీతాలు ఎప్పుడూ ఆపలేదు, మంగళవారం వస్తే తప్ప. మంగళవారం ఆయన సంతకం పెట్టడు, కొత్త మాట ఎత్తడు, ఫోన్ చేసి అడగడు, చెప్పినా వినడు. వర్జ్యంలో ఫైలు ముట్టడు. ఏటా ఉగాదికి మూడు కేంద్రాలకూ తిథులున్న పెద్ద క్యాలెండర్లు పంపేవాడు. ఆఫీసు నుంచి మాకు ఉచితంగా వచ్చినవి అవే.

సిస్టం సారు మిషన్లు మార్చాలని ఎండాకాలం నుంచి అడుగుతున్నాడు. మూఢం అన్నాడు మేనేజర్. మూఢం పోయింది, ఆషాఢం వచ్చింది. శ్రావణం దాకా ఆగమన్నాడు. శ్రావణంలో ఒకరోజు నన్ను జనగామకు పిలిపించారు. నేను సంతకం చేయడం మేనేజర్ కళ్లారా చూడాలట. పొద్దున్నే బస్సెక్కి పోతే వర్జ్యం ఉందని మధ్యాహ్నం దాకా బయట కూర్చోబెట్టారు. తర్వాత లోపలికి పిలిచి కాగితం ఇచ్చారు. నేను సంతకంలో రెండో అక్షరం దగ్గర ఉండగా సిస్టం సారు వచ్చాడు.

"సార్, శానా దినాలాయె. ఇప్పుడు ఒక్కసారే దుంకితే కష్టం. నడుమ ఒక మెట్టుంది. ముందుగాల ఆ మెట్టు ఎక్కాలె, లేసిందా చూడాలె, ఆ తర్వాత మీదికి పోవాలె. రెండు సార్లు కూసోవాలె సార్."

మేనేజర్ కళ్లద్దాలు తీశాడు. "ఏమయ్యా, ఒక్క పెండ్లికి రెండుసార్లు పుస్తె గడతరా?"

"అట్ల గాదు సార్…"

"సోమారం పదిన్నరకు దివ్యమైన ముహూర్తం. మళ్ల ఈ నెలల గంత మంచిది లేదు. ఒక్కసారే అయిపోవాలె."

"సరే సార్. అయితే ముందుగాల ఒక్క భూపాలపల్లిల చేసి…"

"మిగిలిన రెండిటికి? వాటి ఖర్మేంది? మూడింటికీ గదే ముహూర్తం. ఒకే పందిట్ల మూడు పెండ్లిండ్లు జేస్తలేరా జనం?"

సిస్టం సారు, "పాతదయితే పక్కన ఉంచుత సార్, రాకుంటే అక్కరకొస్తది" అన్నాడు.

ఆ మాటకు మేనేజర్‌కు నిజంగానే కోపం వచ్చింది. "కొత్త పెండ్లిపిల్ల కుడికాలు వెట్టి లోపలికొస్తుంటే పాతామె గడపల కూసుంటదా? రాకుంటే అంటవేంది, శుభమా అని చేస్తుంటే! పాతవి మూడూ తీసేయ్. తీసేసినట్టు ఫొటోలు వాట్సాప్ గ్రూపుల వెట్టు."

అప్పటికి నా సంతకం పూర్తయింది. ఎవరూ చూడలేదు. మళ్లీ చేయమన్నారు.

సోమవారం వచ్చింది. నేను అప్పటి దాకా ఆలోచించని సంగతి ఒకటుంది. గొప్ప ముహూర్తమంటే అది మాకొక్కరికే గొప్ప కాదు. మా ఇన్‌చార్జి పొద్దుటి పాలు అయ్యాయో లేదో కొత్త చొక్కా వేసుకుని బండి తీశాడు.

"అక్కా, మా మేనమామోళ్ల గృహప్రవేశం. గిదే ముహూర్తం. నువ్వు జర చూస్కో."

"మిషన్లు మార్చే రోజు గద సారూ?"

"గంత మంచి ముహూర్తంల ఏమయితదక్కా!"

పదిన్నరకు ఫోన్ వచ్చింది. సిస్టం సారు జనగామలో కూర్చుని అక్కడి నుంచే మూడు మిషన్లకూ కొత్త గుండెకాయ ఎక్కించాడు. పాతవి తీసేసినట్టు ఫొటోలు కూడా గ్రూపులో పడ్డాయి. ఫోన్లో వెనక నుంచి మేనేజర్ గొంతు, ఆ వెనక ఏదో ఫంక్షన్ హాలు బ్యాండు. "కానీ!" అన్నాడు మేనేజర్. మూడు మిషన్లు ఒక్కసారే ఆగాయి. మూడూ ఒక్కసారే లేవకుండా పోయాయి.

నా ముందున్న తెరంతా నలుపు, దాని మీద తెల్ల అక్షరాలు గబగబా పైకి పాకి, ఒకచోట ఆగి, అడుగున చిన్న గీత మినుకుమినుకుమంటూ ఉంది. ఏదో అడిగి జవాబు కోసం ఎదురుచూస్తున్న మనిషిలాగా.

"సారూ, ఏమో అడుగుతున్నది."

"తెలుసక్కా. డిస్కు యాడుందని అడుగుతున్నది. గీడ గదే, మానుకోటల గదే." మహబూబాబాద్‌ను మేమంతా మానుకోట అనే అంటాం. "నువ్వు ఆగు. ముందుగాల జనగామది చూడాలంటున్నరు."

ఆగాను. ఉద్యోగంలో ఇదొక పాఠం పిల్లలూ. మంచి జరిగేటప్పుడు మూడు ఊళ్లకూ ఒకే ముహూర్తం. చెడిపోయాక బాగుచేసేటప్పుడు మాత్రం వరుస ఉంటుంది, ఆ వరుసలో భూపాలపల్లి ఎప్పుడూ చివరనే ఉంటుంది.

మధ్యాహ్నం నుంచి ముసురు పట్టింది. సిస్టం సారు దగ్గర మొత్తం సరుకు కాపీ వేరే డిస్కులో ఉంది. దాంతో జనగామ మిషన్‌ను మళ్లీ మొదటి నుంచి నిలబెడుతున్నాడని తెలిసింది. అది అయ్యేసరికి చీకటి పడుతుంది. నాలుగు దాటాక ఆడవాళ్లు క్యాన్లతో రావడం మొదలైంది. వర్షానికి నెత్తి మీద యూరియా సంచులు కప్పుకుని వరండాలో వరుస కట్టారు. అందరికంటే ముందు నిలబడ్డది తండా నుంచి వచ్చే ఒక పెద్దామె. నోరు పెద్దది, బర్రెలు రెండే.

"ఏమే, తలుపు దీసి మిషన్ దిక్కు సూసుకుంట కూసున్నవ్? సీరియల్ వస్తున్నదా అండ్ల?"

"మిషన్ లేస్తలేదక్కా. జర ఆగు."

"నేనాగుత. పాలాగుతయా?"

వెనక నుంచి ఇంకో ఆమె అందుకుంది. "చీటి లేకుంటే ఏమాయె, పోయించుకో. ఎన్నేండ్ల సంది జూస్తున్నవ్, మా పాలు నీకు తెల్వయా?"

తెలుసు. కాని ఆర్డరు ఉంది. ఇన్‌చార్జికి ఫోన్ చేశాను. భోజనాల మధ్యలో ఎత్తాడు. "ఆర్డర్ లేకుంట తీసుకుంటే నా మెడకొస్తదక్కా" అని, అవతల ఎవరికో "పప్పు ఇటు" అని పెట్టేశాడు. తర్వాత తెలిసిందేమిటంటే, ఆ టైముకు జనగామలోనూ మానుకోటలోనూ చేత్తో రాసుకుని పాలు తీసుకుంటున్నారు. మేనేజర్ స్వయంగా చెప్పాడట. భూపాలపల్లికి చెప్పడం ఎవరికీ గుర్తుకు రాలేదు.

గేటు బయట బైకు ఆగిన చప్పుడైంది. పాలాయన ఇవాళ మామూలు కంటే రెండు క్యాన్లు ఎక్కువ కట్టుకొచ్చాడు. వార్త మా గ్రూపులో కంటే ముందే అతనికి చేరినట్టుంది.

"ఆగుండ్రి అమ్మలక్కలు, ఆగుండ్రి. తొందరేం లేదు. పాలు ఇరిగినంక పనీరు చేసుకొని తిందురు" అని సీటు మీద కూర్చుని బీడీ ముట్టించాడు.

వరుసలో చివర ఇద్దరు అటు జరిగారు. తండా పెద్దామె వాళ్లను చూసింది, నన్ను చూసింది. "నీకోసం ఇంకొంచెం సేపు ఆగుత బిడ్డా. నా కోసం గాదు" అంది మెల్లగా. అంతవరకూ తిట్టినా రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

సిస్టం సారుకు మళ్లీ చేశాను. కట్ చేశాడు. మళ్లీ చేశాను. కాసేపటికి అతనే చేశాడు. గొంతు గుసగుసగా ఉంది, వెనక నల్లా కారుతున్న చప్పుడు.

"అక్కా, బాత్రూంలకెళ్లి మాట్లాడుతున్న. ఆయన పక్కకెళ్లి కదుల్తలేడు. చెప్పు."

"సారూ, బైకాయన వచ్చి కూసున్నడు. ఇద్దరు పోయిండ్రు అటు. ఇగ అందరు పోతరు."

అతను గొంతు ఇంకా తగ్గించాడు. "అక్కా, ఒక మాట చెప్త, ఎవలకు చెప్పకు. మీ మిషన్ల పాతది ఉన్నది."

"తీసేసిన ఫొటో వెడితిరి గద గ్రూపుల!"

"అది మానుకోట ఫొటోనే అక్కా. రెండుసార్లు వెట్టిన. నల్ల తెరే గద, ఎవలు గుర్తువడతరు? సారు రెండింటికీ దండం బొమ్మ వెట్టిండు." నల్లా ఇంకొంచెం తిప్పినట్టున్నాడు, చప్పుడు పెరిగింది. "జనగామల ఆయన ముంగటనే తీయాల్సొచ్చె. మానుకోటది వీడియో కాల్ల తీపిచ్చిండు. మీ ఇన్‌చార్జి ఫోన్ ఎత్తలే, మీదొక్కటి మిగిలింది. ఇప్పుడు నేను చెప్పినట్టు చెయ్."

బటన్ నొక్కి మిషన్ ఆపాను. మళ్లీ నొక్కాను. లేచేటప్పుడు మొదట ఒక పట్టిక వస్తుందట, దాంట్లో వరుసలకు నంబర్లుంటాయి, కొన్ని సెకన్లే ఆగుతుంది, ఆ లోపల ఆరు నొక్కాలి. పట్టిక వచ్చింది. నంబర్లు నాకు బాగా వచ్చు. ఆరు ఎక్కడుందా అని వేలు పెట్టబోతున్నాను.

"ఏందే, వచ్చిందా?" అని తండా ఆమె తలుపులో నుంచి అరిచింది. నేను తల తిప్పాను. పట్టిక పోయింది. మళ్లీ ఆ తెల్ల అక్షరాలు, మళ్లీ ఆ మినుకుమనే గీత.

"అక్కా, పోయిందా?"

"పోయింది సారూ."

"ఏం గాదు. మళ్ల. భయపడకు, అది యాడికీ పోదు. పాతది గట్టిది."

ఈసారి తలుపు దగ్గరికి పోయి చెప్పాను. "నేను మాట్లాడేదాంక ఎవలన్న మాట్లాడితే మీ పాలు మీ నెత్తి మీదనే పోస్త." వరండా అంతా గప్‌చుప్. బైకాయన కూడా బీడీ పక్కకు తీశాడు.

పట్టిక వచ్చింది. ఆరు నొక్కాను.

"ఆరో వరుస చివర ఏమన్న మారిందా?"

"ఏదో పెరిగింది సారూ. చుక్క వెట్టి, సున్న లెక్కున్నది, ఒక నిలువు గీత, దాని పక్కన కడుపుతోని ఉన్న గీత."

"గదే, ఇంగ్లిష్‌ల ఓల్డ్! గదే పాతది! ఎంటర్ కొట్టు!"

కొట్టాను. తెల్ల అక్షరాలు మళ్లీ పాకాయి. పొద్దున ఆగిన చోటికి వచ్చాయి. ఆగలేదు. దాటి పోయాయి. ఇంకా పోయాయి. చివరికి రోజూ చూసే పాల లెక్కల తెర వచ్చింది, పక్కనున్న చీటీల ప్రింటర్ గుర్రుమని ఖాళీ కాగితం ఒకటి బయటికి నెట్టింది. దాని మీద ఏమీ లేదు. అయినా దాన్ని చేతిలోకి తీసుకుని చూశాను.

"లేసింది సారూ."

అవతల నల్లా కట్టేసిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత, "సరే అక్కా, తలుపు కొడుతున్నరు" అని పెట్టేశాడు.

తండా ఆమె మొదటి క్యాను పోసింది. చీటీ చింపి ఇస్తే వెలుతురులో పట్టుకుని, "పొద్దటికంటే వెన్న ఎక్కువ వచ్చింది. అలిగినంక మిషన్‌కు బుద్ధి వచ్చినట్టున్నది" అంది. అటు జరిగిన ఇద్దరూ ఏమీ ఎరగనట్టు వరుస చివర వచ్చి కలిశారు. బైకాయన ఖాళీ క్యాన్లతో లేచి, "పోనీ, ఓ టీ అన్న పొయ్యక్కా, ఇంత సేపు నానిన" అన్నాడు. పోశాను. టీలో పాలు మా కేంద్రంవే.

చీకటి పడే వేళకు జనగామ, మానుకోట మిషన్లు కూడా కాపీలతో లేచాయి. అవి లేచింది కూడా పాత రూపంలోనే. అంటే పొద్దున పదిన్నరకు బయలుదేరి, మూడు మిషన్లూ సాయంత్రానికి బయలుదేరిన చోటికే వచ్చి చేరాయి. మేనేజర్ మాత్రం అట్లా అనుకోలేదు. గ్రూపులో పెద్ద మెసేజ్ వాయిస్‌లో పెట్టాడు. భూపాలపల్లి తూర్పుకు ఉంది కాబట్టి అక్కడ సూర్యుడు కొంచెం ముందు ఉదయిస్తాడట. అందుకని ముహూర్తం అక్కడ సరిగ్గా తగిలిందట, జనగామలో ఒక చిటికె తప్పిందట. వచ్చేసారి ఊరూరికీ వేరే లగ్నం పెట్టించాలట. పంతులుగారికి ధన్యవాదాలు చెప్పాడు. ఇన్‌చార్జి గృహప్రవేశం నుంచే మొదటి దండం బొమ్మ పెట్టాడు. భూపాలపల్లి మూసే మాట మాత్రం ఆ నెల మీటింగులో రాలేదు. శుభలగ్నం తగిలిన కేంద్రాన్ని ఎవరు మూస్తారు?

పిల్లలూ, మీరు ఆఫీసుల్లో పనిచేస్తారు కనుక చెబుతున్నాను. ఊరూరికీ వేరే లగ్నం అంటే ఏమిటో కొంచెం ఆలోచించండి. ఒకదాని తర్వాత ఒకటి అనే కదా. సిస్టం సారు ఎండాకాలం నుంచి నెత్తీ నోరూ కొట్టుకున్నది అదే. ఏ మాటైనా సూర్యుడి మీదుగా వస్తేనే మా ఆఫీసులో చెల్లేది.

ఆ సాయంత్రం ట్యాంకు మూత వేస్తుండగా సిస్టం సారు ఫోన్ చేశాడు. ఈసారి నల్లా చప్పుడు లేదు, బస్టాండు చప్పుడు ఉంది.

"అక్కా, ఆ నడుమ మెట్టు ఎక్కుదామా? ఒక్క మీ మిషనే. పాతది తీసేది లేదు. రేపు పొద్దటి పాలయినంక."

"మేనేజర్ సారు?"

"రేపు మంగళారం గదక్కా."

ట్యాంకు మూత బిగించాను. "పొద్దున ఏ టైముకు సారూ?" అన్నాను.

"ఆయన పూజ గదిలకెళ్లి బయటికి రాని టైము ఒకటుంటది. క్యాలెండర్ల చూడు" అన్నాడు.

మరునాడు పొద్దుటి పాలు పోయించుకుని, ట్యాంకు మూసి, క్యాన్లు కడిగి బోర్లించాను. చేతులు కొంగుకు తుడుచుకుని గోడ మీది క్యాలెండర్ ముందు నిలబడ్డాను. మంగళవారం గడిలో చీమల బారులాగా చిన్న అక్షరాలు. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, ఒత్తు దగ్గర ఆగి, దీర్ఘం దగ్గర సాగదీసి, మొదటికి వచ్చి మళ్లీ చదివాను. నా పేరూ ఊళ్ల పేర్లూ కాకుండా, ఎవరి సాయమూ లేకుండా నేను చదివిన మొదటి పెద్ద మాట 'దుర్ముహూర్తం'. పక్కనే టైము ఉంది. గోడ గడియారం వంక చూశాను. మిషన్ ఆపి లేపి, పట్టికలో ఆరు నొక్కి, పాతది ఉందో లేదో చూసుకుని ఎంటర్ కొట్టాను. అప్పుడు సిస్టం సారుకు ఫోన్ చేశాను.

"సారూ, దుర్ముహూర్తం వచ్చింది. మొదలువెడ్దామా?"